కడిగిన బండి

నెమలిగుట్టకు రెండు బాటలున్నాయి. పత్తిచేల నడుమ నుంచి పోయేది దగ్గర, కానీ అదంతా నల్లరేగడి. ఒక్క గట్టి వాన పడితే చక్రం సగం దాకా మింగేస్తుంది. క్వారీ పక్క నుంచి పోయే ఎర్రకంకర మొరం బాట ఎనిమిది కిలోమీటర్లు చుట్టు, కానీ ఎంత వానలోనైనా బండిని మోస్తుంది. ఏ రోజు ఏది బాగుందో ఫోనులో మ్యాపుకు తెలియదు. దిగివచ్చే డ్రైవరు ఎక్కే డ్రైవరుకు చెప్పాలి. డ్రైవర్లు తక్కిన విషయాల్లో ఎన్ని కోతలు కోసినా, బాట సంగతిలో మాత్రం అబద్ధమాడరు.

మహిపాల్ ఆడాడు.

రెండేళ్ల కింద ఆగస్టులో నాచారం టిమోతి, ట్రెక్కింగ్‌కు పోయే పిల్లలను తన తుఫాన్ జీపులో ఎక్కించుకుని పోతూ, ఎదురొచ్చిన మహిపాల్‌ను ఆపి బాట ఎలా ఉందని అడిగాడు. మహిపాల్ భుజం మీద చెయ్యి వేసి, "పత్తిచేన్ల రోడ్డు మస్తుగుంది అన్నా. కండ్లు మూసుకొని పో. నా మాట నమ్ము" అన్నాడు. పొద్దున ఎనిమిదింటికి దిగబడిన బండి పొద్దుగూకే వేళకు గానీ పైకి రాలేదు. పిల్లలు గుట్ట ఎక్కకుండానే తిరిగొచ్చారు. వాళ్లను పంపిన ట్రెక్కింగ్ కంపెనీ ఇక టిమోతిని పిలవలేదు. శనివారం ట్రిప్పులన్నీ మహిపాల్‌కు పోయాయి.

అంతటితో ఆగినా సరిపోయేది. బురదలో కాళ్లు పీక్కుంటున్న టిమోతిని ఎవరో పిల్లవాడు వీడియో తీస్తే, మహిపాల్ దాన్ని సంపాదించి, "బర్రె పొర్లుతుంది సూడున్రి" అని రాసి డ్రైవర్ల గ్రూపులో పెట్టాడు. అది తిరిగి తిరిగి చర్చి దాకా వచ్చింది. క్వయర్‌లో పాడే అమ్మాయి ఫోను చూపించి, "అంకుల్, గిది మీరేనా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టిమోతి భక్తి గల మనిషి. బైబిలు చదవనిదే బండి తాళం ముట్టడు. పగను దేవునికి వదిలేయమని పాస్టరు చెబితే, అలాగేనని తల ఊపాడు. రెండేళ్లు వదిలేశాడు కూడా. దేవుడు ఆ సంగతి మరిచిపోయాడేమో అనిపించినప్పుడల్లా నాలుక కరుచుకున్నాడు.

ఈ జూలైలో ఒక శుక్రవారం హబ్సిగూడ నుంచి ఇద్దరు లెక్చరర్లను నెమలిగుట్టకు తీసుకుపోయాడు. బాటలు చీలేచోట, దిగబడ్డ బండ్లను ట్రాక్టరుతో లాగే కొమురెల్లి చేతులడ్డం పెట్టి ఆపాడు.

"అటు దిక్కు పోకన్నా. రాత్రి వానకు పత్తిచేన్లు పెద్ద బొందయినయ్. పొద్దుగాల్నే ఒకన్ని గుంజిన."

టిమోతి మొరం బాట పట్టి క్షేమంగా పోయివచ్చాడు. సాయంత్రం నాచారం వచ్చేసరికి బండికి కిటికీల దాకా ఎర్రమట్టి. ఆ ఎర్రమట్టి చూస్తే చాలు, మొరం బాటన పోయొచ్చాడని ఏ డ్రైవరైనా చెప్పేస్తాడు. బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, పాత బ్రష్షుతో టైర్ల సందులు కూడా గీకి కడిగాడు.

భార్య దోర్కా గుమ్మంలోకి వచ్చింది. "ఫెబా డాడీ, రేపు మల్ల గాడికే గదా పోయేది? గంతగనం తోముడెందుకు?"

"కడిగితే తప్పా?" అన్నాడు తల ఎత్తకుండానే.

శనివారం తెల్లవారుజామున ఉప్పల్ మెట్రో స్టేషను కింద మహిపాల్ టెంపో నిలబడి ఉంది. సంచులు తగిలించుకున్న పిల్లలు ఎక్కుతున్నారు. టిమోతి తన బండిని సరిగ్గా పక్కనే ఆపాడు.

మహిపాల్ ముందు టైర్లు చూసి, తర్వాత మనిషిని చూశాడు. "ఏందన్నా, పెండ్లికి పోతున్నవా? బండి మెరుస్తుంది."

"నెమలిగుట్టకే. నిన్న గూడ పోయొచ్చిన."

"నిన్ననా? మట్టి మరకే లేదు గదనే! రోడ్డెట్లుంది?"

టిమోతి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పత్తిచేన్ల రోడ్డు పాడైంది తమ్మీ. మొరం రోడ్డు పట్టు. నా మాట నమ్ము."

ప్రతి మాటా నిజమే. మహిపాల్ ఆ చేతిని చూశాడు, మళ్లీ తళతళలాడే టైర్లను చూశాడు. పెదవి పక్కకు తిరిగింది.

"మొరం రోడ్డున పోతే ఎర్రమట్టేది? సుట్టు తిప్పి లేట్ జేపిద్దామనా? పాతది ఇంకా యాదికున్నట్టుంది నీకు."

"చెప్పుడు నా వంతు" అన్నాడు టిమోతి.

బాటలు చీలేచోట కొమురెల్లి కేకలు వేసినా మహిపాల్ ఆగలేదు. అదీ టిమోతే చెప్పించి ఉంటాడని అతని లెక్క. టెంపో పత్తిచేలలోకి దిగిపోవడం కళ్లారా చూసి, టిమోతి మొరం బాటకు తిప్పాడు. గొంతులో ఏదో పాట ఆడింది. తీరా చూస్తే అది స్తుతి కీర్తన. ఠక్కున ఆపేశాడు.

తన బండిలో వచ్చినవాళ్లను గుట్ట కింద దింపి, గట్ల వెంట నడిచి వెనక్కి వచ్చాడు. టెంపో ఒక పక్కకు ఒరిగి ఉంది. పిల్లలు బూట్లు చేత పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మహిపాల్ తొడల దాకా బురదలో నిలబడి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని రెండోదాని కోసం తవ్వుతున్నాడు.

తిట్లు వస్తాయనుకున్నాడు టిమోతి. వాటికి జవాబులు రెండేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి.

"నవ్వుకో అన్నా" అన్నాడు మహిపాల్. "నువ్వు నిజమే చెప్పినవ్. నా బుద్ధి గట్లాంటిది, నమ్మలే." అప్పుడే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. "సార్, తప్పు నాదే. టిమోతన్న పోవద్దని చెప్పిండు" అన్నాడు, అందరూ వినేట్టు.

టిమోతి ఫోను తీసి, చెప్పు దొరికేదాకా వీడియో తీశాడు.

ఇంటికొచ్చి అన్నం తింటూ అంతా చెప్పాడు. వచ్చే శనివారం నుంచి బండి పెట్టమని కంపెనీ పిలిచిందనీ చెప్పాడు. దోర్కా మజ్జిగ పోసింది.

"ఒక్క అబద్ధం గూడ ఆడలే?"

"దేవుని తోడు, ఒక్కటి గూడ ఆడలే."

"మరి బండెందుకు కడిగినవ్?"

టిమోతి అన్నం కలుపుతూనే ఉండిపోయాడు.

మర్నాడు ఆదివారం, చర్చిలో ప్రభు బల్ల, యేసు జ్ఞాపకంగా అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసేసుకొమ్మని పాస్టరు చెప్పాడు. రొట్టె పళ్లెం వరుసల వెంట వస్తోంది. టిమోతి కళ్లు మూసుకున్నాడు. అబద్ధం ఆడలేదు కదా ప్రభువా, అన్నాడు. పోనీ, క్షమించు అందామనుకున్నాడు. పెదవుల దాకా వచ్చింది. అంతలో బురదలోంచి ఆ రెండో చెప్పు చప్పుడు చేస్తూ ఊడిరావడం కళ్ల ముందు కదిలింది. నవ్వు ఆగలేదు, రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

పళ్లెం చేతికొచ్చింది. దేవుని దగ్గర బండి కడిగి ఏం లాభం? పశ్చాత్తాపం లేనివాడు ఉన్నట్టు నటించి ఎలా తింటాడు? రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కవాడికి అందించాడు.

అవతలి వరుసలోంచి దోర్కా చూసింది. టిమోతి తల దించుకుని జేబు తడిమి చూసుకున్నాడు. ఫోను అందులోనే ఉంది. వీడియో ఇంకా ఎవరికీ పంపలేదు. తీసేయనూ లేదు.