మూడు ముద్రల ఉత్తరం

మార్చి పదకొండో తారీకున జరిగిన మీటింగులో తలా రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు పెట్టారు. ఆఫీసు ఉత్తరాలు పంపే డిస్పాచ్ పని చూసే అక్కయ్యకు అది ఇంత బాగా గుర్తుండడానికి కారణం ఉంది. గుడ్డు పెంకు ఒలుస్తుండగానే ఆమెకు ఆ ఉపాయం తట్టింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి ఆమె కోసం చప్పట్లు కొట్టారు.

ఆరోగ్యశాఖ, విద్యాశాఖ, సంక్షేమశాఖ ఇకమీదట కలిసి పనిచేయాలని ఆ రోజు అనుకున్నారు. మనసు బాగోలేని పిల్లలు ఒకే గోడును మూడు ఆఫీసుల్లో మూడుసార్లు వెళ్లబోసుకోనక్కర్లేదు. ఒకటే ఫైలు, ఒకటే కబురు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ కబురు ఎలా పంపాలన్న దగ్గర అందరూ నీళ్లు నమిలారు. కాలేజీ అడ్మిషన్ల జాబితాలో సంరక్షకుల అడ్రసులన్నీ ఉన్నాయి కదా, వాటికే పంపేద్దామని అక్కయ్య అంది.

ఏప్రిల్ ఆఖరుకు మొదటి విడత నలభై మూడు అపాయింట్‌మెంటు ఉత్తరాలు తయారయ్యాయి. ఒక్కో కవరు మీద మూడు శాఖల ముద్రలు. అక్కయ్య అన్నీ అంటించి, రిజిస్టరులో ఎక్కించి, ఉదయం తపాలా సంచిలో పంపేసింది.

మధ్యాహ్నం రెండింటికి కాలేజీ కౌన్సెలర్ ఫోన్ చేసింది. మామూలుగా ఆమె అక్కయ్యను నవ్వించకుండా ఫోన్ పెట్టదు.

"అక్కయ్యా, ఉత్తరాలు ఎవరి పేరున వెళ్లాయి?"

"సంరక్షకుల పేరునే. ఏమ్మా?"

అప్పుడు కౌన్సెలర్ సంగతి చెప్పింది. పదిహేడేళ్ల అమ్మాయి, తల్లీతండ్రీ లేరు, బాబాయి ఇంట్లో ఉంటోంది. కౌన్సెలర్ ముందు నాలుగు వారాలు నోరు విప్పకుండా కూర్చుని, ఐదో వారం చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. బెల్టు దెబ్బలు. బాబాయికి తెలియనివ్వనని మాట తీసుకున్నాకే చూపించింది. తెలిస్తే తానిక ఉండనంది. ఎక్కడ ఉండవని అడిగితే కిటికీలోంచి కిందికి చూసింది.

అక్కయ్య రిజిస్టరు తెరిచింది. ఇరవై ఏడో వరుసలో బాబాయి పేరు, ఆమె సొంత చేతిరాతలో, ముత్యాల్లా ఉంది.

పోస్టాఫీసుకు పరుగులాంటి నడకతో వెళ్లింది. ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా వెనక చెక్క గళ్లలో, మూడో వరుసలో, ఆ కవరు అంచు కనబడుతూనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. కానీ వెనక్కి ఇవ్వాలంటే పంపినవాళ్లు రాసివ్వాలన్నాడు. కవరు మీద మూడు ముద్రలున్నాయి గనక మూడు సంతకాలు కావాలన్నాడు.

"పంపేటప్పుడు నా ఒక్కదాని సంతకమే కదయ్యా తీసుకున్నారు?"

"పంపడానికి అది చాలమ్మా. ఆపడానికి చాలదు."

ఆరోగ్యశాఖవారు సంతకం పెడితే తానూ పెడతానని విద్యాశాఖ ఆఫీసరు అన్నాడు. ఆరోగ్యశాఖ ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి, కాగితం పూర్తిగా చదివి, మారుమాట లేకుండా పెట్టింది. దాన్ని చూసి ఆయనా పెట్టాడు. సంక్షేమశాఖ ఆఫీసరు శాఖల సమన్వయం మీద శిక్షణకు వెళ్లాడట, గురువారం దాకా రాడట.

అయిదుంపావుకు రెండు సంతకాలతో తిరిగొచ్చింది. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. బాబాయి ఉండే వీధికి ఉత్తరాలు పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్తాయన్నాడు. కిటికీ తలుపు సగం మూశాక, అడగకుండానే ఇంకో మాట అన్నాడు. "ఆ వీధిని ఆఖర్న చూసుకోమని పోస్ట్‌మ్యాన్‌తో చెప్తాను. పదకొండవుతుంది."

కోర్టు పదింటికి తెరుస్తారు. పదికీ పదకొండుకీ మధ్య ఒక్క గంట. ఆ గంటలో పిల్లను బాబాయికి అప్పగించకుండా జడ్జిగారి దగ్గర ఉత్తర్వు తేవాలని కౌన్సెలర్ ఫోన్‌లో లెక్కవేసింది. ఆ రాత్రికి మాత్రం పిల్ల ఆ ఇంటికి వెళ్లకూడదు.

అమ్మాయి అక్కయ్యకు కాలేజీ లైబ్రరీలో దొరికింది. ఎందుకని అడగలేదు, సంచీ భుజాన వేసుకుని వెంట వచ్చింది. దారిలో ఒక్క మాటే అడిగింది. "ఉత్తరంలో నేను చెప్పిందంతా రాశారా?" లేదు తల్లీ, అపాయింట్‌మెంటు తేదీ మాత్రమే ఉందని అక్కయ్య చెప్పింది. బాబాయికి అదే చాలని ఆ పిల్ల అంది.

సంక్షేమశాఖ వసతిగృహం వార్డెను స్వెట్టరు అల్లుకుంటోంది. భారీ మనిషి, బొడ్డున తాళాల గుత్తి. సొరుగులోంచి ఫారం తీసింది. దాని మీదా అవే మూడు ముద్రలు. సంరక్షకుడి అడ్రసు అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఇది నింపి కంప్యూటర్లో ఎక్కించానంటే ఆ అడ్రసుకి కబురు దానంతటదే వెళ్లిపోతుంది. కొత్త పద్ధతట. ఎవరి బుర్రలో పుట్టిందో మరి."

"నా బుర్రలోనే," అంది అక్కయ్య.

వార్డెను ఆమెను నిదానంగా చూసింది. కలానికి మూత పెట్టి, ఫారాన్ని ఊలు ఉండల కింద దాచింది.

"రేపు రాద్దాంలే. ఇవాళ మా చెల్లెలి కూతురు నన్ను చూడ్డానికొచ్చింది."

అమ్మాయిని చివరి గదికి తీసుకెళ్లి, దుప్పటి దులిపి పరిచింది. కిటికీకి ఊచలున్నాయో లేదో అక్కయ్య చూసుకుంది. ఉన్నాయి.

అప్పుడు మంచం మీదున్న అమ్మాయి ఫోన్ మోగింది. తెర మీద బాబాయి. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. ముగ్గురూ దానివంకే చూస్తూ నిలబడ్డారు. నాలుగోసారికి అమ్మాయి దాన్ని బోర్లా తిప్పి, దిండు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. దిండు కింద అది వణుకుతూనే ఉంది.

అక్కయ్య వరండాలో బల్ల మీద కూర్చుంది. ఇంటికి వెళ్లమని వార్డెను చెప్పలేదు. మెడ చుట్టూ కప్పుకొమ్మని సగం అల్లిన స్వెట్టరు ఇచ్చి, వీధివైపు ఒకసారి తొంగిచూసి, చప్పుడు కాకుండా బయటి తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టింది.