లచ్చయ్య నవ్విన పేజీ

లచ్చయ్య మళ్ళీ నవ్వాడు.

పొయ్యి ముందు కూర్చున్న బాలవ్వ గరిటె ఆపి విన్నది. నవ్వు ఆగింది. పేజీ తిరిగిన చప్పుడు. మళ్ళీ నవ్వు.

ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి పంపిన మనిషి. శ్రీరాంపూర్ గనిలో బొగ్గు తవ్వే మనిషి. నలుగురిలో నోరు విప్పడు. అలాంటివాడు డ్యూటీ దిగి, స్నానం చేసి పుస్తకం పట్టుకున్నాడంటే భుజాలు అదిరేలా నవ్వుతాడు. ఎప్పుడూ అదే పుస్తకం. దాని పేరు 'ఎగిరే మంచం'. ముప్పై పైచిలుకు భాగాలు. అన్నీ చదివేశాడు. ఆఖరిది అయిపోయిన మర్నాడే మళ్ళీ మొదలుపెట్టాడు.

"గా పుస్తకంల ఏమున్నదయ్యా? నాకు జర చెప్పరాదు," అని బాలవ్వ ఎన్నిసార్లు అడిగిందో.

"డొప్పయ్య అని ఒకడుంటడు. వాని మంచం ఎగురుతది. కానీ వాడు గురక పెడితేనే ఎగురుతది. ఇగ యాడికి పోతుండో వానికేం తెలుస్తది..." అంటూ తానే పడీపడీ నవ్వి, చెయ్యి ఊపేసేవాడు. "చెప్తే పోతదే. చదివితేనే మజా."

చదువు రానిదానితో ఆ మాట అనకూడదని అతనికి తట్టలేదు. బాలవ్వకు మాత్రం గుచ్చుకుంది. మొగుడు ఇంట్లో కూర్చునే, తాను పోలేని చోటికి పోయి నవ్వుకుని వస్తున్నాడు.

ఆ ఏడు గని కార్మికుల కాలనీ బడిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పడం మొదలైంది. అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నది బాలవ్వే. మిగతా ఆడవాళ్ళు సంతకం వస్తే చాలనుకున్నారు. ఆమెకు కావలసింది వేరు. లచ్చయ్య నవ్విన చోట తానూ నవ్వాలి.

గుణింతాలు, ఒత్తులు పూర్తయ్యాక, అతను రెండో షిఫ్టుకు పోయిన రోజు చూసి, బజారులో లచ్చయ్య పుస్తకాలు తెచ్చుకునే చాంద్‌పాషా అద్దె పుస్తకాల దుకాణానికి వెళ్ళింది. చాంద్‌పాషా లేడు; కొట్టులో కూర్చున్న కుర్రాడిని అడిగి మొదటి భాగం తెచ్చుకుంది. బియ్యం డబ్బాలో దాచింది. లచ్చయ్య లేనప్పుడల్లా తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మర్చిపోయేది. మళ్ళీ వెనక్కి. డొప్పయ్య వంశం. డొప్పయ్య తాత. ఆ తాత ఏలిన రాజ్యం, దాని ఎల్లలు. పుస్తకం సగమైంది. మంచం ఇంకా లేవలేదు. నవ్వూ రాలేదు.

తప్పు తన బుర్రదే అనుకుంది. పుస్తకం కొంగు కింద పెట్టుకుని దుకాణానికి వెళ్ళింది.

"ఇగ తీసుకో అన్నా. నాతోని కాదు. అక్షరాలొచ్చినయి గని నవ్వు రాలే."

చాంద్‌పాషా పుస్తకం అట్ట చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అరె చెల్లె! గీ మొదటిదాన్ని ఎవరు పట్టుమన్నరు నిన్ను?"

"మరి దేనితోని మొదలుపెట్టాలె? మా బడిల 'అ' అయినంకనే 'ఆ' చెప్పిండ్రు."

"అది బడి. ఇది ఎగిరే మంచం. మొదటిది రాసేటప్పుడు రాసినాయనకే నవ్వు రాలే. మూడోది పట్టు."

"నడుమ కథ తెల్వకపోతే?"

"మంచం ఎగరాలంటే గురక పెట్టాలె. గంతే కథ. ఫికర్ చేయకు, పో."

మూడో భాగం ఇంటికి తెచ్చి తెరిచింది. పేజీల అంచుల మీద నల్లటి బొటనవేలి ముద్రలు. కాలనీలో ఎన్నిసార్లు సబ్బు పెట్టినా గీతల్లోంచి బొగ్గు పోని వేళ్ళే అందరివీ. కానీ ఒక ముద్రకు అడ్డంగా చీలిక ఉంది. గనిలో రాయి పడి తెగిన లచ్చయ్య వేలు అది. పసుపు పెట్టి కట్టు కట్టింది తానే.

బాలవ్వ చదవడం మానేసి వెతకడం మొదలుపెట్టింది. ఈ పేజీలో ఆ ముద్ర ఒకటి. ఆ పేజీలో లేదు. ఇంకో పేజీలో ముద్ర మీద ముద్ర పడి, అంచంతా నల్లబారిపోయింది.

నవ్వు ఇక్కడే ఉంది.

వేలు పెట్టింది. డొప్పయ్య ఎక్కడో రాక్షసుల దేశంలో దిగబడ్డాడు. ఇక్కడ ఊళ్ళో పొరుగామె అతని పెళ్ళాన్ని అడుగుతోంది: మొగుడు లేడు, గురక లేదు, హాయిగా పడుకుంటున్నావా? పెళ్ళాం అంటుంది: 'వాడి గురక మండిపోను! ఉంటే నిద్ర పోనీయదు, లేకుంటే నిద్ర రానీయదు. రానీ, ఆ మంచం కోళ్ళు విరిచి పొయ్యిలో పెడతా!'

బాలవ్వ పుస్తకం మూసింది. లచ్చయ్యకు రాత్రి షిఫ్టు పడిన రోజుల్లో ఆమెకు కన్ను మూతపడదు. తెల్లవారి అతను గడప తొక్కగానే తిట్లు లంకించుకుంటుంది.

మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు పక్కన పుస్తకం పెట్టింది, ఆ పేజీ తెరిచి.

లచ్చయ్య పుస్తకం వంక చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. "నువ్వు... చదివినవా?"

"అది తర్వాత. గీ పేజీ మీద నీ వేలు గిన్నిసార్లు ఎందుకు పడ్డదో చెప్పు."

దొంగ దొరికిపోయాడు. తల గీరుకున్నాడు. "అదీ... గది నువ్వే గదనే."

"నేనా?"

"నువ్వు తిట్టే తిట్లే గద అవి. గనిల దిగినంక యాదికొస్తయి. పైకొచ్చి మళ్ళ చదువుకుంట."

"అంటే ఇన్నేండ్ల సంది నన్ను చూసి నవ్వుతున్నవా!"

"నిన్ను చూసి కాదే," అన్నాడు లచ్చయ్య, గ్లాసులోకి చూస్తూ. "నువ్వున్నవని."

బాలవ్వ గ్లాసు అతని ముందుకు తోసి కసిరింది. "చాయ్ సల్లగైతుంది, తాగు!"

"తాగుత గని, నువ్వు జర చదువు. నీ నోటితోని ఒక్కసారి వింట."

ఆమె పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. పొరుగామె మాటలు అక్షరం అక్షరంగా, ముక్కుతూ మూలుగుతూ సాగాయి. లచ్చయ్య ఓపికగా కూర్చున్నాడు. పెళ్ళాం వంతు వచ్చింది. మొదటి తిట్టు దగ్గర బాలవ్వ గొంతు లేచింది. రెండోదానికి వేలు పేజీ మీంచి లేచింది. కూడబలుక్కోవలసిన అవసరమే లేకపోయింది. మంచం కోళ్ళ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి తిప్పుతూ తిడుతోంది. అలా తిడుతూ తిడుతూనే నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వు. లచ్చయ్య చాయ్ పొరబోయి దగ్గాడు.

నవ్వు తగ్గాక అలవాటుగా అతని చెయ్యి పేజీ తిప్పబోయింది.

"ఆగు," అంది బాలవ్వ. "నాదింకా కాలే."

ఆ పేజీ లచ్చయ్యకు కంఠతా వచ్చు. అయినా ఆగాడు.