ఫల్గుణ అల్లిన వెదురు తెర

స్నానాల గది కిటికీకి ఏ తెర కట్టాలన్న దాని మీద నిర్మలకూ, ఆమె మొగుడు ఫల్గుణకూ రోజూ పోట్లాటే. ఇంట్లో ఒక గది టూరిస్టులకు అద్దెకిద్దామని సున్నం కొట్టి, పక్కనే కొత్త స్నానాల గది కట్టించాడు ఫల్గుణ. కాఫీ తోట కనిపించాలని దానికి ఇంత పొడుగు కిటికీ పెట్టించాడు మహానుభావుడు. లోపలివాళ్లకు తోట కనిపిస్తే, తోటలోవాళ్లకు ఏం కనిపిస్తుందన్న ఆలోచన అద్దం బిగించాక గానీ రాలేదు.

నిర్మల గుడ్డ పరదా చాలంది. వానాకాలం గుడ్డ ఆరదు, బూజు పడుతుందన్నాడతను. పోనీ పట్నంలో దొరికే ప్లాస్టిక్ తెర కొనమంది.

"అయి సూసి సూసి ఇసుగెత్తే కదేటి, టూరిస్టులు మన కాడికొస్తారు? నానల్లుతాను" అన్నాడు ఫల్గుణ.

అన్నట్టే వెదురు బద్దలు సన్నగా చీల్చి, ముచ్చటైన తెర అల్లాడు. మిట్టమధ్యాహ్నం దాన్ని కట్టి, నిర్మలను లోపల నిలబెట్టి, తను కొండవాలు ఎక్కి చూశాడు.

"అగుపడతన్నానేటి?" అని లోపలినుంచి అరిచింది నిర్మల.

"నువ్వు కాదు గదా, నీ నీడైనా అగుపడ్డం లేదు" అన్నాడు. ఇద్దరి మనసూ కుదుటపడింది. ఆ ఊళ్లో పొద్దుండగానే గెడ్డలో, పారే నీళ్లలోనే స్నానాలైపోతాయి. దీపాలు పెట్టాక నీళ్లు పోసుకునే అలవాటు ఎవరికుంది? లైటు వేసి కూడా చూడాలని వాళ్లకు తట్టనే లేదు. ఇల్లలకగానే పండగవుతుందా!

ఆ తరువాత విజయనగరం నుంచి మొదటి అతిథులొచ్చారు. ఉమామహేశ్వరిగారు, ఆమె కూతురు బిందుమాధవి. పిల్ల కాలేజీలో కొత్తగా లెక్చరరు. వీళ్లు బాగుందని నలుగురికీ చెబితే ఆ గది నిలబడుతుంది. లేదంటే ఫల్గుణ మళ్లీ బొర్రా గుహలకు పోయి జీపు తోలుకోవాలి, వారానికోసారి ఇంటి మొహం చూడాలి. నిర్మలకు ఆ బతుకు మళ్లీ వద్దు. అందుకే ఆ తల్లీకూతుళ్లకు పొద్దుట్నుంచీ కాలు నిలవకుండా చాకిరీ చేసింది.

పొద్దు వాలి చలి దిగింది. బిందుమాధవి స్నానానికి వేడినీళ్లడిగింది. నిర్మల నీళ్లు తోడిపెట్టి, ఎండబెట్టిన కాఫీ పళ్ల మీద మంచు పడకుండా బరకం కప్పడానికి వాలు ఎక్కింది. కప్పి వెనక్కి తిరిగేసరికి కింద స్నానాల గది కిటికీ కనబడింది.

లోపల లైటు వెలుగుతోంది. వెదురు తెర ఉన్నా లేనట్టే ఉంది. బిందుమాధవి శాలువా తీసి మేకుకు తగిలించి, జడ విప్పుకుంటోంది. వాలుకు కాస్త కిందగా, పక్కింటి వరహాలరావు అద్దెకిచ్చే టెంట్లలో దిగిన కుర్రాళ్లు నెగడు చుట్టూ కూర్చున్నారు. ముగ్గురు కబుర్లలో ఉన్నారు. నాలుగోవాడు కిటికీ వైపే చూస్తూ ఫోను పైకెత్తుతున్నాడు.

నిర్మలకు అరవాలనిపించింది. అరిస్తే మిగతా ముగ్గురూ కూడా అటే చూస్తారు. చుట్టూ తిరిగి వెళ్లి తలుపు తట్టేలోగా జరగకూడనిది జరిగిపోతుంది. అప్పుడే కప్పిన బరకాన్ని ఒక్క గుంజు గుంజి, కాఫీ పళ్లను మంచుకు వదిలేసి కిందికి పరిగెత్తింది. కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది. లేచి, కిటికీ కింది గట్టెక్కి, బరకాన్ని రెండు చేతులా ఎత్తిపట్టి కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"ఏంటక్కా, చీకట్లో బట్టలారేస్తున్నావా?" అన్నాడు ఫోను పట్టుకున్నవాడు. అందరూ నవ్వారు.

నిర్మల బరకం దించలేదు. వాడి మొహంలోకే చూస్తూ నిలబడింది. వెనక చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, ఏదో కూనిరాగం కూడా. భుజాలు పీకేస్తున్నాయి. తను చూసేసరికే వాడు ఎంత తీశాడో తెలియదు.

ఫల్గుణ వచ్చాడు. "ఏటే, ఏటి సేత్తన్నావు?"

"లైటేత్తే లోపలంతా అగుపడతంది. మాటాడకుండా ఆ కొసట్టుకో."

ఫల్గుణ మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. కాసేపటికి, "ఆయమ్మకు సెప్పకే. సెప్తే మన పని అయిపోద్ది" అని గొణిగాడు.

"ఆడు ఫోనెత్తాడు. సెప్పకపోతే ఆ ఆడగుంట పనేటౌద్ది?"

లైటు ఆరగానే నిర్మల తిన్నగా ఉమామహేశ్వరిగారి దగ్గరికి వెళ్లి, తెర సంగతీ, ఫోను సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ ఓసారి స్నానాల గది వైపు చూసింది. తరువాత చెప్పులేసుకుని, "వాణ్ని చూపించండి" అంది. ఫల్గుణే ముందు నడిచాడు.

ఆ కుర్రాడు కాసేపు బుకాయించాడు. ఫల్గుణ ఫోను లాక్కున్నాడు. వీడియోలో బిందుమాధవి తల వంచి జడ విప్పుకోవడం ఒక్క క్షణం కనబడింది. ఆ వెంటనే నీలం బరకం. ఆపైన చివరిదాకా నిర్మల మొహమే. ఉమామహేశ్వరిగారు దాన్ని తన చేత్తోనే చెరిపేసి, వాడు ఇంకెవరికీ పంపలేదని చూసుకుని గానీ ఫోను తిరిగివ్వలేదు.

వెనక్కొస్తూ, "మా అమ్మాయికి తెలియనివ్వకండి. పొద్దున్నే వెళ్లిపోతాం" అంది.

"అలాగేనమ్మా" అంది నిర్మల. ఉండమని బతిమాలలేదు.

వాకిట్లో బిందుమాధవి తల తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "అన్నా, ఆ తెర మీరే అల్లారట కదా? ఎంత బాగుందో. మధ్యాహ్నమే ఫొటో తీసి మా స్టాఫందరికీ పంపాను. సెలవులకు ఇక్కడికే వస్తామంటున్నారు."

ఆ మాట కోసమే కదా ఫల్గుణ ఇన్నాళ్లూ చేతులు చీరుకుపోయేలా అల్లింది. లోపలికి పోయి కత్తి తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి తాళ్లు ఒక్కొక్కటే కోసేశాడు. తెర కిందపడింది.

"అయ్యో, ఎందుకు తీసేస్తున్నారు?" అంది బిందుమాధవి.

"కొలత తప్పిపోనాదమ్మా" అన్నాడు ఫల్గుణ, ఆమె వైపు చూడకుండా.