సామ్స్ కొలకర్ర

ఏడూ నలభై అయ్యేసరికి సామ్స్ రెండు వందలకు పైగా పంట్లాం కాళ్లు కొలిచాడు.

కింగ్‌స్టన్‌లోని ఆ హైస్కూలు గేటుకి ఇరవై రెండేళ్లుగా అతనే కాపలా. తెల్లవారకముందే లేచి నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. వేరుశనగ జావ తాగి, రెండు బస్సులు మారి వస్తాడు. కుడి మోకాలు వంగదు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. చేతిలో ఒక మహాగని కర్రముక్క మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఇరుకు పంట్లాం రౌడీల వేషమని స్కూలు నమ్మకం. అంచు వెడల్పు ఏడంగుళాలుండాలి. ఆ కొలతకే ఈ కర్ర; అంచులో అడ్డంగా పడితే లోపలికి, పట్టకపోతే ఇంటికి.

డెషాన్ వచ్చాడు. పద్నాలుగేళ్లవాడు, మనిషి పొడుగు. వెనకాలే మెడలో టేపుతో వాళ్ల అమ్మమ్మ మిస్ ఐవా. ఆమె బట్టలు కుడుతుంది.

ఈ ఏడాది డెషాన్ని సామ్స్ ఇరవై ఒక్కసార్లు వెనక్కి పంపాడు. వెళ్లినప్పుడల్లా వాడు మూలమీది కొట్టు మెట్లెక్కి, ఆ పేట రౌడీ బిగ్గా మనుషుల పక్కన కూర్చున్నాడు. పోయిన నెల దొంగ మోటార్‌సైకిల్ మీద దొరికాడు. ఈ రోజు నుంచి నెలపాటు ఒక్కరోజు బడి తప్పినా బాలనేరస్థుల హోముకే అని జడ్జి చెప్పింది.

సామ్స్ వంగి కర్ర పెట్టాడు. పట్టలేదు.

"మళ్లీనా?" అన్నాడు డెషాన్, ఆశ్చర్యమేమీ లేకుండా.

"ఏంటి పట్టనిది?" మిస్ ఐవా ముందుకొచ్చింది. "రాత్రే కొలుచుకుని ఏడుకి కుట్టాను. ప్రతిసారీ ఏడుకే కుట్టాను!"

టేపు తీసి అంచు మీద పెట్టింది. ఏడు. కర్ర లాక్కుని దాని మీద పెట్టింది. ఏడున్నర.

సామ్స్ కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. పదకొండేళ్ల కిందట గాలివానకి పాత కర్ర విరిగిపోతే, కంటి అంచనాతో కొత్తది కోసుకున్నది అతనే.

"పంట్లాం గురించి పంపేశారని వీడంటే అబద్ధమనుకున్నాను," అంది మిస్ ఐవా. "బెల్టుతో కొట్టాను వీణ్ణి. బడి ఎగ్గొట్టే దొంగవెధవా అని."

"ఇప్పుడు నమ్ముతావా, అమ్మమ్మా?"

గంట మోగింది. అది మోగాక గేటు మూయాలి. సామ్స్ రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"రా నాయనా. లోపలికి రా."

"ఇన్నాళ్లూ ఎక్కడుంది సార్ ఈ గేటు?"

మూలమీద బిగ్గా మోటార్‌సైకిల్ హారన్ కొట్టాడు. "రారా డెషాన్! మా దగ్గర కొలతల్లేవు!"

వాడు అమ్మమ్మ చేతిలో పుస్తకాల సంచి పెట్టాడు. పరిగెత్తలేదు. నెమ్మదిగా నడిచి వెళ్లి బండెక్కాడు. ఆమె కేకలు పెడుతూ మలుపుదాకా వెళ్లింది.

పది దాకా సామ్స్ గేటు మూయలేదు. వైస్ ప్రిన్సిపాల్ మిసెస్ పినాక్ వచ్చి తిట్టింది. అతను కర్ర చూపించి జరిగింది చెప్పాడు.

"అరంగుళానికేం గొడవ సామ్స్? ఆ కుర్రాడు మొదటి నుంచీ అంతే."

"మొదట్లో నాకు గుడ్ మార్నింగ్ చెప్పేవాడు, మేడమ్."

రెండింటికి కొబ్బరిబోండాల బండివాడు గేటు దగ్గర ఆగాడు. రెండు వీధుల అవతల పోలీసులు బిగ్గా బండి ఆపారట. బిగ్గా గోడ దూకి పారిపోయాడట. వెనకాల కూర్చున్నవాడు మాత్రం కదల్లేదట, బేడీలకి చేతులు తనే చాపాడట.

సామ్స్ చివరి పిల్ల బయటికి వెళ్లేదాకా నిలబడ్డాడు. తాళాల గుత్తి ఆఫీసులో ఇచ్చేశాడు. ఖాళీ జావ డబ్బా చంకన పెట్టుకుని, మిస్ ఐవా ఇంటివైపు వెళ్లే బస్సెక్కాడు.

గేటు పక్క కుర్చీ మీద కర్ర ఉండిపోయింది. పదకొండేళ్ల ఖాకీ పంట్లాల రాపిడికి దాని రెండు కొనలూ అద్దంలా నున్నబడ్డాయి.