మూడో పెడలు

ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఎమిల్ సోబ్‌చాక్ క్లీవ్‌లాండ్‌లో చెల్లెలింట నెల పైనే ఉండి, చేతికర్ర పొడుచుకుంటూ తన ఊరు టొలీడో తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఇంట్లోకి పోకుండా గ్యారేజీ వైపు నడిచాడు. అతని ప్రాణమంతా అక్కడే ఉంది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం నాటి పోంటియాక్ జీటీఓ కారు. ఒక రైతు కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న తుప్పుముద్దను తెచ్చుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఏళ్ల తరబడి శనివారాలన్నీ దానికే ధారపోశాడు. వాళ్లలో ఒకడు పక్కింటి వెల్డరు హార్లన్. రెండో ఆమె బడి బస్సు నడిపి రిటైరైన వెర్నా. ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడి ఇకిలిస్తున్నారు.

"కళ్లు మూసుకో" అంది వెర్నా.

"మూసుకుంటే పడతాను. ముందు తలుపు తియ్."

తలుపు పైకి లేచింది. కారు పూర్తయిపోయి ఉంది! ముదురాకుపచ్చ రంగులో నిగనిగలాడుతోంది. ఎమిల్ మూలుగుతూ సీట్లో కూలబడి, అలవాటు కొద్దీ ఎడమ కాలు చాపాడు. కాలికి ఏమీ తగల్లేదు. వంగి చూస్తే కింద రెండే పెడళ్లున్నాయి.

"ఒరేయ్ హార్లన్, క్లచ్ ఏదిరా?"

హార్లన్ టోపీ సర్దుకున్నాడు. "తీసేశాం. నీ మోకాలు కదా మరి. ఆటోమేటిక్ గేరు పెట్టాం. కాలు చాపుకు కూర్చో, బండి దానంతటదే పోతుంది."

"దానంతటదే పోడానికి ఇదేమన్నా ముసలాళ్ల చక్రాల కుర్చీయా?"

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాం."

"నా పెళ్లాం విడాకుల కాగితాలు పంపినప్పుడు కూడా ఇంత సర్‌ప్రైజ్ కాలేదురా! కొరివితో తల గోక్కున్నట్టుంది మీతో స్నేహం!"

వెర్నా చేతిలో గుడ్డ నేలకేసి కొట్టింది. "వీపులు విరిగేలా పనిచేశాం. ఒక్క థాంక్స్ ముక్కైనా లేదు. పద హార్లన్."

"పాత గేరుబాక్సు ఎక్కడ?" అని అరిచాడు ఎమిల్.

"మా బేస్‌మెంట్‌లో ఏడుస్తోంది. నువ్వే వచ్చి మోసుకుపో!" అన్నాడు హార్లన్ వెనక్కి తిరక్కుండానే.

ఆ తర్వాత శనివారం ఎవరూ రాలేదు. మీరు లేకపోతే నాకు తెల్లారదా అనుకుని, ఎమిల్ కారును స్టాండ్ల మీదికి ఎత్తి, కొత్త గేరు విప్పడానికి వెల్లకిలా పడుకుని దాని కిందికి జరిగాడు. ఒక్క బోల్టు కూడా ఊడలేదు. పైకి లేవబోతే మోకాలు మొరాయించింది. జేబులోంచి ఫోన్ లాగి హార్లన్‌కి చేస్తే ఎత్తలేదు. పళ్లు నూరుకుంటూ వెర్నాకి చేశాడు.

ఆమె వచ్చి, కారు కిందినుంచి బయటికున్న బూట్లను తన్ని చూసింది. "చచ్చావా, బతికున్నావా?"

"ఒళ్లు మండిపోతోంది."

"అయితే బతికే ఉన్నావు."

"లాగవేం?"

"ముందు ఒక్క మంచి మాట చెప్పు."

చివరికి "రంగు బాగుంది" అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

వెర్నా అతన్ని బయటికి లాగింది. హార్లన్ కూడా తిట్టుకుంటూనే పాత గేరుబాక్సు వెనక్కి తెచ్చాడు. చలికాలమంతా పెట్టిన గేరే విప్పడం, విప్పిన క్లచ్చే బిగించడం. ఎమిల్ కుర్చీలో కూర్చుని, అది అలా కాదు, ఇది ఇలా కాదు అని సతాయించాడు.

"ఇంకోసారి నోరెత్తావంటే చక్రాలు కూడా పీకేస్తా" అన్నాడు హార్లన్.

మంచు కరిగాక ముగ్గురూ బయల్దేరారు. ఇంజను గర్జిస్తుంటే ఎమిల్ మొహం మొదటిసారి వెలిగింది. నది మీది వంతెన ముందు సిగ్నల్ పడింది. పచ్చదీపం రాగానే క్లచ్ తొక్కబోతే మోకాల్లో కత్తి దిగినట్టయింది. కాలు జారింది, బండి ఎగిరి ఆగిపోయింది. వెనక హారన్లు హోరెత్తాయి.

"దిగు" అంది వెర్నా వెనక సీట్లోంచి.

"దిగను."

"లారీవాడు మీ అమ్మను తలుచుకుంటున్నాడు. దిగు!"

దిగాడు. ఆమె స్టీరింగు ముందు కూర్చుని, వెన్నలో వేలు దించినట్టు గేర్లు మార్చుకుంటూ వంతెన ఎక్కించింది. వంక పెట్టడానికి ఎమిల్‌కి ఏదీ దొరకలేదు. అదే అతని అసలు మంట.

"మూడో గేరు కాస్త ఆలస్యం చేశావు" అన్నాడు చివరికి.

"నోరు మూసుకుని నదిని చూడు" అంది.

అతను నదిని చూడలేదు. దారంతా ఆమె ఎడమ పాదాన్నే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు చెప్పిన కాలి వ్యాయామాలు అన్నాళ్లూ ఎగ్గొట్టినవాడు, మర్నాడు పొద్దున్నే బూతులు తిట్టుకుంటూ మొదలుపెట్టాడు.