కెప్టెన్ ఇంటి ముందు గోడ

అమెరికాలో ఓడరేవు ఊరు న్యూబరీపోర్టులో మా పుట్టింటి ముందు తలుపు పెళ్లికీ చావుకీ తప్ప తీసేవాళ్లం కాదు. మామూలు రాకపోకలన్నీ వంటింటి గుమ్మంలోంచే. ఆ తలుపు ఆఖరిసారి తీసింది మా అమ్మను పెట్టెలో పెట్టి తీసుకుపోవడానికి. అందుకే తన కూతురు డార్కస్ పెళ్లికూతురై ఆ తలుపులోంచే బయటికి నడవాలని మా అక్క లవీనియా ఒకటే పట్టు పట్టింది. "ఆ గుమ్మం దాటిన ఆఖరి మనిషి అమ్మే అయిపోతే నాకు నిద్ర పట్టదే" అనేది నాతో.

మా తాతగారి తాత కెప్టెన్ జాబెజ్ ఓడల మీద సంపాదించి కట్టించిన ఇల్లది. మూడంతస్తుల ఎర్ర ఇటుక. పైకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. తలుపు నెత్తిన విసనకర్ర విప్పినట్టు అద్దం. ఒక పొడుగు ఇటుక, పక్కన ఒక పొట్టిది, మళ్లీ పొడుగుది, అలా అల్లిక వేసినట్టు పేర్చారు. వాటి మధ్య సున్నం గీత దారమంత సన్నం. మాకెంత గర్వమో ఆ గోడంటే!

కాకపోతే దాన్నంతా, ఇటుకల సందుల్లోకి వేళ్లు దింపి పాకే ఐవీ తీగ కమ్మేసింది. పెళ్లి రేపనగా మా బావ ఆరిన్‌కి రోషం వచ్చింది.

"వచ్చినవాళ్లు ఇంటిని చూస్తారా, పొదను చూస్తారా?"

"కొంచెం కొంచెంగా కోయించండి" అంది అక్క.

"అలా కోస్తే డార్కస్ మనవరాలి పెళ్లికి అవుతుంది!"

తీగ మొదలు నరికించి, పైన గుబురుకి తాడు బిగించి, రెండో కొస లారీకి కట్టాడు.

"బావా, అది మనందరికంటే పెద్దది. కాస్త మర్యాదగా లాగు" అన్నాను.

"నువ్వెళ్లి కేకు సంగతి చూడు, మరదలా!"

లారీ కదిలింది. తీగ ముందు బిగదీసుకుంది. తరవాత దుప్పటి లాగినట్టు మొత్తం ఊడింది. దాని వెనకాలే గోడ కూడా వచ్చేసింది.

ఎర్ర దుమ్ము. పక్కన ఉన్న అక్క కనబడలేదు నాకు. దుమ్ము తగ్గాక ఇంటికేసి చూశాను. ఇల్లు నిలబడే ఉంది, మొహం లేదు. నాజూకు ఇటుకంతా పైపొర, అంతే. దాని వెనక ఉన్నవి వంకర ఇటుకలు, మాడినవి కొన్ని, పచ్చివి కొన్ని, చేతికొచ్చినట్టు పడేసి సున్నం మెత్తారు. కుప్పలో పొట్టి ఇటుక ఒకటి తీసి చూశాను. అది నిజానికి నిండు ఇటుకై, లోపలి గోడలోకి పొడుగ్గా దిగి పైపొరనీ గోడనీ కలిపి పట్టుకోవలసింది. సగానికి విరిచి, మొహం మాత్రం కనబడేలా అతికించారు. అన్నీ అంతే. ఇన్నేళ్లూ ఆ పొరను సగం తీగే మోసిందన్నమాట!

"కెప్టెన్ ఇంత పని చేశాడా?" అన్నాడు బావ.

అప్పుడే ముందు తలుపు కిర్రుమంది. లోపల తాళానికి నూనె పెడుతున్న డార్కస్ చప్పుడు విని తీసింది. "ఏమైందమ్మా?" అంటూ ఒక కాలు గడప మీద పెట్టింది. దాని నెత్తిన, అద్దం పైన, ఇంకా ఊడని పొర ఒకటి పొట్ట ఉబ్బి వేలాడుతోంది.

"వెయ్యవే తలుపు! వెనక్కి పో! ఇటు రాకు!"

అక్క గొంతది. ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురు చూసిన మనిషి. డార్కస్ బెదిరి తలుపు మూసింది. ఆ అదురుకే కాబోలు, వేలాడే పొర అద్దంతో సహా గడప మీద కూలింది.

మర్నాడు డార్కస్ తెల్లగౌను ఎత్తిపట్టుకుని వంటింటి మెట్లు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు. కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది, పెళ్లికొడుకు వచ్చి అడిగినా వదల్లేదు.

"అత్తయ్యా, ఇంక ఇవ్వండి" అన్నాడతను నవ్వుతూ.

"ఉండు నాయనా" అంది అక్క. "ఇది ఉందో లేదో ఇంకోసారి చూసుకోనీ."