పైబస్ బదులు గ్రిగ్స్

మార్నీ గ్రిగ్స్ మొదటి రోజంతా వేరే ఓడలో గడిపింది.

హోబార్ట్ రేవు వెనక, ఒకప్పటి ఉన్ని గోదాము పై అంతస్తులో ఉంది నౌకా చరిత్ర ఆర్కైవు. చీటీ మీద ‘మేరీ స్టాక్‌డేల్’ అని రాసిచ్చింది. పెట్టె వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో కాగితాలు తిరగేసింది. బొగ్గు, బొగ్గు, మళ్ళీ బొగ్గు. తిమింగలం మాటే లేదు. గది మూసే వేళకు ఆర్కైవు చూసుకునే నెరిడా వచ్చి, పెట్టె మీద అంకె చూసి నాలుక కరుచుకుంది.

“అయ్యో, ఆ పేరుతో మూడు ఓడలున్నాయండీ. ఇది న్యూకాసిల్ బొగ్గు ఓడ. మా దగ్గర పేరుతో కాదు, రిజిస్టరు నంబరుతో అడగాలి.”

“పేరు పెట్టేది పిలవడానికి కాదేమిటమ్మా?”

“పైగా చీటీలో ‘దేని గురించి’ అన్నచోట ‘రీసెర్చ్’ అని రాశారు. రీసెర్చ్ గురించి రీసెర్చ్ ఏమిటో నాకర్థం కాలేదు.”

“అది మా ఊరి వైపు అఖాతం పేరు. రీసెర్చ్ బే.”

పటాల్లో ఆ పేరుకు ఫ్రెంచి స్పెల్లింగు ఉంటుంది. దక్షిణపు తీరంలో పుట్టినవాళ్ళెవరూ దాన్ని ఫ్రెంచిలో పలకరు. నెరిడా ఉత్తరాన లాన్సెస్టన్‌లో పుట్టిన పిల్ల. ఆ సంగతి ఆమెకు తెలియదు.

మర్నాడు బుధవారం. మార్నీ తన ఊరు డోవర్ నుంచి పొద్దున ఆరింటి బస్సెక్కి, తలుపు తీసే వేళకు మెట్ల మీద నిలబడింది. ఆమెకున్న గడువు సాయంత్రం నాలుగు. నాలుగింటికి కంచు ఫలకం పోత పోసే కార్ఖానాకు పేర్లు చివరిసారిగా చెప్పాలి. డోవర్ జెట్టీ మీద పెట్టే ఆ ఫలకంలో, మునిగి చనిపోయినవాళ్ళవి నాలుగు పేర్లుంటాయి. నాలుగోది తన ముత్తాతది కావాలని మార్నీ అంటోంది. కాదని కమిటీ అంటోంది.

జరిగింది ఇది. 1881 జూన్ 9, గురువారం, మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో తిమింగలాల వేట ఓడ ‘మేరీ స్టాక్‌డేల్’ తాలూకు పడవ ఒకటి రీసెర్చ్ బేలో బోల్తా పడింది. ఒడ్డున కలప కోసేవాడు చూశాడు. పడవలో నలుగురున్నారని మేజిస్ట్రేటు ముందు చెప్పాడు. హానాఫర్డ్, లుండ్, టోబిన్ అని ముగ్గురిని గుర్తుపట్టాడు. నాలుగోవాడు ఎవరో తెలియదన్నాడు. శవాలు దొరకలేదు. ఓడ సిబ్బంది జాబితాలో ఆ నెల ఆ బేలోనే ఇంకో ఇద్దరి పేర్ల ఎదుట ‘ఓడ విడిచాడు’ అని మాత్రం ఉంది. కారణం రాయలేదు. ఒకడు జాన్ పైబస్. ఇంకొకడు ఎలైజా గ్రిగ్స్. ఇద్దరిలో ఒకడు మునిగిపోయాడు, ఒకడు పారిపోయాడు.

నూట ముప్పై ఏళ్ళుగా మునిగినవాడు పైబస్, పారిపోయినవాడు గ్రిగ్స్. పైబస్ భార్యకు చర్చి వాళ్ళు ఏటా క్రిస్మస్‌కి వితంతువుల పిండి మూట పంపేవారు. గ్రిగ్స్ భార్యకు పంపలేదు. మార్నీ బళ్ళో చదివే రోజుల్లో కూడా, ఎవరైనా ఆటలో మధ్యలో లేచిపోతే ‘గ్రిగ్స్ కొట్టాడు’ అనేవారు.

స్పాంజి దిండు మీద ఓడ దినచర్య రాసిన లాగ్ పుస్తకం తెరిచి, పేజీ లేవకుండా సీసపు గుళ్ళు కుట్టిన గుడ్డ తాడు దాని మీద వేసింది నెరిడా. పక్క బల్ల దగ్గర కార్డులు సర్దుతున్న మనిషి తల ఎత్తాడు. క్లైవ్ పైబస్. డెబ్బై ఏళ్ళు, ఫెర్రీ నడిపి రిటైరయ్యాడు. ప్రతి బుధవారం ఇక్కడ ఊరికే వచ్చి పని చేస్తాడు. ఫలకం కమిటీ కార్యదర్శి కూడా అతనే.

“ఏవమ్మా మార్నీ, బొగ్గంతా కడుక్కుని వచ్చావా?”

“నీ పని నువ్వు చూసుకో క్లైవ్.”

“నేను చూశాకే నీకు ఉత్తరం రాశాను. పదో తేదీ పేజీ తియ్. మీవాడు పదో తేదీన ఓడ మీద లక్షణంగా ఉన్నాడు. తొమ్మిదో తేదీన మునిగినవాడు పదో తేదీన ఎలా ఉంటాడు?”

మార్నీ తీసింది. జూన్ 10 పేజీలో మొదటి వాక్యం: ‘పీఎం 2. మంచినీళ్ళకు పడవ. పైబస్ బదులు గ్రిగ్స్.’ ఆ కింద నీళ్ళ మరక. సిరా కరిగి నీలంగా పాకింది. తర్వాతి పేజీలు కూడా అంతే.

ఒక పేజీ వెనక్కి తిప్పింది. జూన్ 9. ‘పీఎం 1. మంచినీళ్ళకు పడవ. పైబస్ వెళ్ళాడు.’

“చూశావా? తొమ్మిదిన మావాడు పడవెక్కాడు, పోయాడు. పదిన ఆ చోట మీవాణ్ణి వేశారు. ఆ తర్వాత మీవాడు చెక్కేశాడు. ఇందులో గందరగోళం ఏముంది?”

గందరగోళం మార్నీ తలలో ఉంది. పేజీ మొత్తం మళ్ళీ చదివింది. పీఎం 1. పీఎం 6. తర్వాత ఏఎం 4. ఏఎం 9. అన్నిటికంటే కింద: ‘మధ్యాహ్నం పన్నెండు. సూర్యుడి ఎత్తు కొలిచాం. ఇంతటితో ఈ రోజు సరి.’

పెన్సిల్‌తో కాగితం మీద గంటలు వరసగా వేసుకుంది. ఒంటి గంట, ఆరు, నాలుగు, తొమ్మిది, పన్నెండు. సాయంత్రం అయ్యాక తెల్లవారుతోంది. తేదీ మారడం లేదు. ఏఎంలు తెచ్చి పైన పెట్టింది. అప్పుడు ‘రోజు సరి’ అన్న మాట పేజీ మధ్యలోకి వచ్చి పడింది. కొట్టేసి మళ్ళీ రాసింది. ఎనిమిదో తేదీ తీసింది. అదీ అంతే. ఏడో తేదీ కూడా.

“ఈ కెప్టెన్ తాగి రాసేవాడా?”

“తిమింగలాల వాళ్ళు తాగక ఏం చేస్తారు?” అన్నాడు క్లైవ్ కార్డుల మీంచి కళ్ళు ఎత్తకుండా.

“తాగినా ప్రతి పేజీలో ఒకే తప్పు చేస్తాడా? మధ్యాహ్నం పన్నెండింటికి రోజు ఎలా సరి అయిపోతుందయ్యా?”

అడిగాక ఆగింది. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు స్కాలప్ షెడ్డులో తినే గవ్వలు చీల్చింది. తెల్లవారుజామున మూడింటికి కత్తి పట్టుకుంటే పన్నెండింటికి కింద పెట్టేవారు. ఏప్రన్ విప్పుతూ ‘ఇవాళ్టికి అయిపోయింది, రేపు కలుద్దాం’ అనేవారు. ఒకరోజు దారిలో ఎదురైన పాస్టరు, ఎండ నడినెత్తిన ఉండగా రేపేమిటని అడిగి నవ్వాడు.

“నెరిడా, ఒక్క నిమిషం ఇలా రామ్మా.”

నెరిడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పేజీ పైనుంచి కిందకి చదివింది. ఇంకో రెండు పేజీలు తిప్పింది.

“ఈయన పాత పద్ధతి మనిషండీ. ఓడ లెక్కలో రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. సూర్యుడు నడినెత్తికి రాగానే కొలిచి, ఆ రోజు మూసేసి, కొత్త తేదీ వేసేస్తారు. అప్పటికే చాలా ఓడలు మానేశాయి. ఈయన మానలేదు.”

“అంటే?”

“అంటే ఓడలో పదో తేదీ పీఎం రెండంటే, ఒడ్డు మీద ఇంకా తొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండే.”

మార్నీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ విప్పింది. “ఓడ మీద రేపు, ఒడ్డు మీద ఇవాళ. గంట మాత్రం ఒకటే.”

“సరిగ్గా అంతే.”

“అయితే మేజిస్ట్రేటుది ఒడ్డు తేదీ. తొమ్మిది, నాలుగు గంటలు. మావాడు ఎక్కింది ఒడ్డు తేదీన తొమ్మిది, రెండు గంటలు.” ఆమె గొంతు తగ్గింది. “రెండు గంటలే తేడా.”

కార్డుల చప్పుడు ఆగింది. క్లైవ్ లేచి వచ్చాడు.

“ఆగండాగండి. అది నడిసముద్రంలో సంగతి. లంగరేసి ఉన్నప్పుడు ఒడ్డు లెక్కే రాస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫెర్రీ నడిపాను, నాకు చెప్పకండి.”

“మామూలుగా అంతే క్లైవ్‌గారూ,” అంది నెరిడా. “కానీ చూడండి, ఇది లంగరేసిన రోజు. ఇక్కణ్ణుంచి మరక దాకా అన్ని పేజీలూ మధ్యాహ్నంతోనే ముగిశాయి. ఈయన ఎక్కడా మార్చలేదు.”

క్లైవ్ కళ్ళజోడు మార్చుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పెదవులతో ఏవో అంకెలు చెప్పుకున్నాడు.

“అయితే మావాడు పడవెక్కింది ఎనిమిదో తేదీనా?”

“ఒడ్డు లెక్కలో అంతే,” అంది నెరిడా.

“ఎనిమిదిన ఏ పడవా మునగలేదే.”

క్లైవ్ మళ్ళీ పదో తేదీ పేజీకి తిప్పాడు.

“నీళ్ళకు వెళ్ళాడు. మర్నాటికి ఓడ మీద లేడు. అందుకని గ్రిగ్స్‌ని వేశారు.” అతను తలెత్తి మార్నీని చూశాడు. “మరి మావాడెక్కడికి పోయాడు?”

ఆ ప్రశ్న మార్నీ ఇంట్లో మూడు తరాలవాళ్ళు అడిగారు. ఇప్పుడు దాన్ని ఇంకొకరి నోట వింటోంది. నిన్న బస్సులో కూర్చుని, ఈ ఘడియ వస్తే క్లైవ్‌తో ఏమేం అనాలో ఒకటికి రెండుసార్లు అనుకుంది. వాటిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

“నాకేం తెలుసు క్లైవ్,” అంది. “మేం వెతికింది మావాడి కోసం.”

“మా హాల్లో ఆయన ఫోటో ఉంది. నల్ల రిబ్బను కట్టి.”

“మా నానమ్మ, మావాడి పెళ్ళి ఫోటోలోంచి అతని తల కత్తిరించేసింది.”

గోడ గడియారం మూడు నలభై చూపిస్తోంది. కార్యదర్శి చెబితే తప్ప కార్ఖానా వాళ్ళు పేరు మార్చరు. మార్నీ అడగలేదు. పెన్సిలు బల్ల మీద అడ్డంగా పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

క్లైవ్ మెట్ల దగ్గరి ఫోను దాకా నడిచాడు. తలుపు తెరిచే ఉంది. మాటలు వినబడ్డాయి.

“పైబస్ మాట్లాడుతున్నా. ఆ నాలుగో పేరు. తీసెయ్యి... పైబస్సే, అవును, నా పేరే. తీసెయ్యమంటున్నాగా! ఎలైజా గ్రిగ్స్ అని వెయ్యి... గ్రీన్ కాదయ్యా, గ్రిగ్స్. చివర ఎస్సు... ఎందుకంటే, అది నీకు ఫోన్లో చెబితే అర్థం కాదు. నాకే కాలేదు.”

తిరిగి వచ్చి, నెరిడా బల్ల మీంచి ఖాళీ చీటీ ఒకటి తీసుకున్నాడు. రిజిస్టరు నంబరు చూడకుండా రాశాడు. తేదీ వేయబోయి ఆగి, గోడ గడియారం చూసి, తర్వాత వేశాడు. పైబస్, జాన్. 1881 తర్వాత. ‘దేని గురించి’ అన్నచోట పెన్సిలు కదల్లేదు.

మార్నీకి తిరుగు బస్సు నాలుగుంబావుకి. డోవర్‌లో చెల్లెలు పొయ్యి మీద టీ పెట్టుకుని ఎదురు చూస్తుంటుంది. నానమ్మ కత్తిరించిన తలను ఎక్కడ అతికించాలో తనకు తెలియదు. చెల్లెలికీ తెలియదు. కోటు ఒక చేతికి తొడుక్కుంది. రెండో చేయి తొడుక్కోకుండానే కుర్చీ అతని బల్ల దగ్గరికి లాక్కుంది.

“రీసెర్చ్ అని రాయి,” అంది. “ఈ అమ్మాయికి అలవాటైంది.”